అవుట్‌పుట్ దగ్గర ఇన్ని బఫర్లు పెట్టమన్నదెవరు?

చిప్ డిజైన్ మీద పాఠకుల ప్రశ్నలు, వాటికి నా జవాబులు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ సింథసిస్ మీదే, అంటే రాసిన డిజైన్ కోడ్‌ను టూల్‌తో గేట్లుగా మార్చే దశ మీదే ఉన్నాయి. అందులోనూ అవుట్‌పుట్ బఫర్ల (సిగ్నల్‌ను మార్చకుండా బలం మాత్రం పెంచే గేట్ల) గొడవే ఎక్కువ కాబట్టి వాటన్నిటినీ ఒకచోట చేర్చాను. కమాండ్ల పేర్లు తెలుగు లిపిలోనే రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు మాటల మధ్య అండర్‌స్కోర్ పెట్టుకోండి.

ప్రశ్న: నమస్తే మేడమ్. అమీర్‌పేటలో వీఎల్‌ఎస్‌ఐ కోర్సు చేసి, మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో చేరాను. నాకు ఇచ్చిన బ్లాక్‌ నుంచి 64 బిట్ల డేటా బస్ బయటికి వెళ్తుంది. డిజైన్ కంపైలర్ అనే టూల్‌లో సింథసిస్ చేస్తే ప్రతి బిట్‌కీ వరసగా మూడేసి బఫర్లు వచ్చి పడుతున్నాయి. ఏరియా పెరిగిందని మా లీడ్ కోప్పడ్డారు. అవుట్‌పుట్ నెట్‌లన్నిటికీ (గేట్లను కలిపే వైర్లకి) సెట్ డోంట్ టచ్ పెట్టాను. బఫర్లు పోయాయి గానీ వయొలేషన్లు, అంటే హద్దులు దాటాయన్న ఫిర్యాదులు వచ్చాయి. పక్క సీట్లో అన్న "సెట్ లోడ్ సున్నా పెట్టెయ్, అన్నీ పోతాయి" అంటున్నాడు. బఫర్లు పెట్టొద్దని టూల్‌కి ఎలా చెప్పాలి? స్క్రిప్టు జత చేశాను. — ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: బాబూ, స్క్రిప్టు పంపి మంచి పని చేశావు. లేకపోతే నేనూ మీ పక్క సీటు అన్నలా ఊహించి చెప్పాల్సి వచ్చేది. అందులో క్లాక్ లైన్ల కింద ఒక లైను ఉంది చూడు: సెట్ లోడ్ 5, ఆల్ అవుట్‌పుట్స్. ఒక్కో అవుట్‌పుట్ బయట ఎంత కెపాసిటెన్స్ బరువు మోయాలో చెప్పే లైను అది. ఆ ఐదు ఏమిటి? పికోఫారడ్లా, ఫెమ్టోఫారడ్లా? ఎస్‌డీసీ ఫైల్లో, అంటే టైమింగ్, లోడ్ లాంటి షరతులు రాసే ఫైల్లో, నువ్వు అంకె మాత్రమే రాస్తావు, యూనిట్ లైబ్రరీ (రెడీమేడ్ గేట్ల, అంటే సెల్స్ వివరాలుండే ఫైల్) నుంచి వస్తుంది. టూల్ ప్రాంప్ట్ దగ్గర రిపోర్ట్ యూనిట్స్ అని కొట్టి చూడు. పికోఫారడ్ అని వస్తే, ఒక్కో బిట్ మీద 5 పికోఫారడ్లు మోయమని 64 సార్లు చెప్పావన్నమాట. స్క్రిప్టు ఎవరో పాత ప్రాజెక్టు నుంచి తెచ్చినట్టుంది. అక్కడ లైబ్రరీ ఫెమ్టోఫారడ్లలో ఉండి ఉంటుంది, అక్కడ 5 సరిపోయింది. లైన్లు కాపీ చేసినప్పుడు యూనిట్లు వెంట రావు.

ఆ అంకె ఎంత పెద్దదో చూద్దాం. మీ లైబ్రరీ పేరు రాయలేదు కాబట్టి, ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోగలిగిన స్కైవాటర్ 130 నానోమీటర్ల లైబ్రరీని తీసుకుంటాను. అందులో చిన్న ఇన్వర్టర్ ఇన్‌పుట్ పిన్ కెపాసిటెన్స్ సుమారు 2 ఫెమ్టోఫారడ్లు. 5 పికోఫారడ్లంటే 5000 ఫెమ్టోఫారడ్లు. అంటే 2500 రెట్లు. చిన్న గేటు ఒక్కటే అంత బరువును లాగలేదు. ఒక్కో అంచెలో సైజును నాలుగు రెట్ల చొప్పున పెంచుకుంటూ పోవడం ఈ రంగంలో పాత లెక్క. 4, 16, 64, 256, 1024, 4096. 2500 దాటాలంటే ఆరు అంచెలు. బఫర్ లోపల ఉండేవి రెండు ఇన్వర్టర్లే, కాబట్టి ఆరు అంచెలంటే మూడు బఫర్లు. నీ నెట్‌లిస్టులో (సింథసిస్ ఇచ్చిన గేట్ల జాబితాలో) బిట్‌కి మూడు ఉన్నాయి కదా! టూల్ నువ్వు చెప్పిన మాటే విన్నది. పైగా 5 పికోఫారడ్లను నేరుగా మోయగలిగే సెల్ అలాంటి లైబ్రరీలో ఉండదు. మూడు బఫర్లు పెట్టాక కూడా మ్యాక్స్ కెపాసిటెన్స్ వయొలేషన్ మిగిలిందేమో చూడు. రిపోర్ట్ కన్‌స్ట్రెయింట్ కమాండ్‌కి మైనస్ ఆల్ వయొలేటర్స్ తగిలిస్తే కనిపిస్తుంది. మిగిలి ఉంటే నా అనుమానం నిజమైనట్టే.

ఇప్పుడు ఆ అన్న సలహా సంగతి. సెట్ లోడ్ సున్నా పెడితే రిపోర్టు ముత్యంలా వస్తుంది, లీడ్ మొహం వెలుగుతుంది. బయట ఎవరూ లేరనుకుని టూల్ అవుట్‌పుట్‌కి అతి చిన్న డ్రైవర్‌ను పెట్టి ఊరుకుంటుంది. బ్లాక్‌ను టాప్‌లో, అంటే మొత్తం డిజైన్‌లో కలిపిన రోజున అసలు వైరు, అసలు గేట్లు తగులుతాయి. ట్రాన్సిషన్లు (సిగ్నల్ సున్నాకీ ఒకటికీ మధ్య మారడానికి పట్టే సమయాలు) పాడై, ఆ రిపోర్టు నీ పేరుతోనే తిరిగొస్తుంది. ఆ పని చేయకు.

అసలు ఎంత పెట్టాలి? బయట ఏముందో కనుక్కుని అది పెట్టాలి. నీ బస్ వెళ్లే బ్లాక్‌లో ఒక్కో బిట్‌ను ఎన్ని సెల్స్ అందుకుంటున్నాయో పక్కవాళ్లను అడుగు. మూడు అనుకో. ఒక్కోటి 2 ఫెమ్టోఫారడ్లు, మొత్తం 6. ఈ పిన్ విలువను చేత్తో వెతకక్కర్లేదు, లోడ్ ఆఫ్ అనే కమాండ్‌కి లైబ్రరీ పిన్ పేరిస్తే అదే తెచ్చి పెడుతుంది. లైబ్రరీ మారినా స్క్రిప్టు తప్పదు. యూనిట్ గొడవ కూడా సగం తీరిపోతుంది.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు, వైరును మరిచిపోతారు. చిప్ మీద వైరుకి మైక్రాన్‌కి సుమారు 0.2 ఫెమ్టోఫారడ్లు అనుకోవచ్చు. మొదటి అంచనాకి అది చాలు. నీ బ్లాక్ అంచు నుంచి పక్క బ్లాక్‌లోకి 300 మైక్రాన్లు ఉంటే 60 ఫెమ్టోఫారడ్లు. పిన్‌లు మూడూ కలిపి 6, వైరు ఒక్కటే 60! సెట్ లోడ్‌లో పిన్ లోడ్, వైర్ లోడ్ అని విడివిడిగా చెప్పే ఆప్షన్లు ఉన్నాయి. విడిగా రాస్తే ఆర్నెల్ల తర్వాత చూసేవాళ్లకి ఆ అంకె ఎక్కడినుంచి వచ్చిందో అర్థమవుతుంది. మొత్తం 66 ఫెమ్టోఫారడ్లు, పికోఫారడ్ లైబ్రరీలో 0.066. రెండుతో పోలిస్తే 33 రెట్లు, అంటే రెండు మూడు అంచెలు. ఒక మధ్యస్థ సైజు బఫర్ వస్తుంది, లేదా ఫ్లాప్‌నే (బిట్‌ను దాచుకునే సెల్‌నే) పెద్ద సైజుకి మార్చి టూల్ సరిపెడుతుంది. ఆ ఒక్క బఫర్ ఉండాల్సిందే. మీ లీడ్ అడిగితే ఈ లెక్క చూపించు.

లోడ్ సరిచేశాక కూడా బఫర్లు ఎక్కువ అనిపిస్తే, తీయబోయే ముందు అది ఏ కారణంతో వచ్చిందో చూడాలి. టూల్ అవుట్‌పుట్ దగ్గర బఫర్ పెట్టేది మామూలుగా మూడు కారణాలకి. ట్రాన్సిషన్, కెపాసిటెన్స్, ఫ్యానవుట్ (ఒక గేటు నడిపే గేట్ల సంఖ్య) హద్దులు దాటుతున్నాయని ఒకటి. అవుట్‌పుట్ డిలేకి (క్లాక్‌లో బయటివాళ్ల కోసం వదిలిన సమయానికి) టైమింగ్ చాలడం లేదని ఇంకొకటి. మూడోది పోర్టుల అమరిక వల్ల, అంటే ఒకే నెట్‌కి రెండు పోర్టులుండటం, ఇన్‌పుట్ నేరుగా అవుట్‌పుట్‌కి వెళ్లిపోవడం లాంటివి. డిజైన్ కంపైలర్ మామూలుగా టైమింగ్ కంటే మొదటి రకం హద్దులకే పెద్దపీట వేస్తుంది. సెట్ కాస్ట్ ప్రయారిటీతో మార్చవచ్చు గానీ ఎందుకో తెలియకుండా ముట్టుకోకు. నీ స్క్రిప్టులో సెట్ మ్యాక్స్ ట్రాన్సిషన్ కూడా పాత ప్రాజెక్టుదే, మీ లైబ్రరీకి అది మరీ బిగుతు కావచ్చు. లైబ్రరీ టేబుళ్లు ఎంతవరకు ఉన్నాయో చూసి ఆ లైను మార్చుకో. ఒక్కో కన్‌స్ట్రెయింట్‌ను వదులు చేసి మళ్లీ కంపైల్ చేస్తే ఏ బఫర్ ఎవరి తాలూకో గంటలో తేలిపోతుంది. బ్లాక్ చిన్నదే కదా.

మ్యాక్స్ ఫ్యానవుట్ గురించి ఒక్క మాట. అవుట్‌పుట్ పోర్టుకి సెట్ ఫ్యానవుట్ లోడ్ చెప్పకపోతే బయటి గేట్ల లెక్క టూల్‌కి అందదు. లైబ్రరీలో ఫ్యానవుట్ లోడ్ విలువలే లేకపోతే నువ్వు పెట్టిన మ్యాక్స్ ఫ్యానవుట్ 20 ఏ పనీ చేయదు. లైను ఉంది కదా అని నమ్మకం పెట్టుకోవద్దు.

డోంట్ టచ్‌కి వేరే పని ఉంది. ఆ నెట్ మీద చేయి వేయొద్దని మాత్రమే దాని అర్థం. హద్దులు అలాగే ఉంటాయి, వాటిని సరిచేసే దారి మాత్రం నువ్వే మూసేశావు. అందుకే వయొలేషన్లు. అనలాగ్ బ్లాక్‌కి వెళ్లే సిగ్నల్, మధ్యలో ఏ గేటూ ఉండకూడని నెట్, అలాంటి చోట పెట్టు. 64 బిట్ల మామూలు డేటా బస్‌కి వద్దు.

చివరగా, నీ ఆర్‌టీఎల్‌లో, అంటే డిజైన్ కోడ్‌లో ఒక సంగతి కనిపించింది. బస్‌తో పాటు బయటికి వెళ్లే కౌంటర్ విలువనే నువ్వు లోపల కూడికకి మళ్లీ వాడుకుంటున్నావు. ఒకే ఫ్లాప్ అవుట్‌పుట్ ఇటు లోపలికీ, అటు పోర్టుకీ. ఇది మన బోరు మోటారుకే పక్కింటి ట్యాంకు పైపు కూడా తగిలించినట్టు. వాళ్ల పైపు ఎంత పొడుగైతే మన ట్యాంకు అంత ఆలస్యంగా నిండుతుంది. బయటి వైరు బరువు ఆ నెట్ మీదే పడి, బయటికి ఏ సంబంధం లేని నీ లోపలి దారి కూడా నెమ్మదిస్తుంది. ఇక్కడ బఫర్ కావాలని నువ్వే అడగాలి. డిజైన్ కంపైలర్‌లో సెట్ ఐసొలేట్ పోర్ట్స్ అని ఉంది. మైనస్ టైప్ బఫర్ అని, ఆ కౌంటర్ పోర్టులు చెప్పు. పోర్టుకి సొంత బఫర్ వస్తుంది, లోపలి దారి విడిపోతుంది. ఏ సెల్ వాడాలో కూడా మైనస్ డ్రైవర్‌తో చెప్పవచ్చు. ఇది ఎస్‌డీసీలో భాగం కాదు, ఆ టూల్ సొంత కమాండ్. కాబట్టి ఎస్‌డీసీ ఫైల్లో కాకుండా సింథసిస్ స్క్రిప్టులో, కంపైల్‌కి ముందు రాయి.

ఏరియా గురించి లీడ్ మళ్లీ అడిగితే ఇంకో సంగతి చెప్పు. ప్లేస్‌మెంట్ మొదట్లో చాలా టూల్స్ సింథసిస్ పెట్టిన బఫర్లను తీసేసి, అసలు దూరాలు చూసుకుని మళ్లీ పెడతాయి. సింథసిస్‌లో బఫర్ల సంఖ్య కోసం కొట్టుకోవడం కంటే లోడ్ అంకె నిజమైనదా కాదా అన్నదాని మీద ఒక పూట పెట్టడం మేలు. తప్పు లోడ్‌తో టూల్ ఫ్లాప్‌ల సైజులు, లాజిక్ ఆకారం కూడా మార్చేస్తుంది. వాటిని తర్వాత ఎవరూ వెనక్కి మార్చరు.

ప్రశ్న: మా వాడు కొండాపూర్‌లో చిప్ కంపెనీలో పనిచేస్తాడు. ఆదివారం భోజనానికి పిలిచినా లాప్‌టాప్ వదలడు. ఏమిట్రా అంటే "టైమింగ్ క్లోజ్ కాలేదు నాన్నా" అంటాడు. ఈ టైమింగ్ ఏమిటి, ఎప్పటికి క్లోజ్ అవుతుందండీ? సంబంధాలు చూస్తున్నాం. — ఒక తండ్రి, వనస్థలిపురం

జవాబు: టెన్షన్ పడకండి సార్, అబ్బాయి నిజమే చెబుతున్నాడు. చిప్‌కి ఒక క్లాక్ ఉంటుంది. 500 మెగాహెర్ట్జ్ అనుకోండి, అంటే 2 నానోసెకండ్లకి ఒకసారి కొడుతుంది. ఒక కొట్టుకీ ఇంకో కొట్టుకీ మధ్య సిగ్నల్ ఒక చోటినుంచి ఇంకో చోటికి చేరాలి. చేరని దారులు కొన్ని మిగిలిపోయాయని అతని బాధ. అన్నీ చేరాక డిజైన్‌ను ఫ్యాక్టరీకి పంపిస్తారు, దాన్ని టేపౌట్ అంటారు. టైమింగ్ ఎప్పుడు క్లోజ్ అవుతుందని అడిగితే అతను కూడా చెప్పలేడు. టేపౌట్ ఎప్పుడని అడగండి. పెళ్లిచూపులు ఆ తర్వాత పెట్టుకోండి.

ప్రశ్న: మేడమ్, నేను బీటెక్ ఫైనలియర్. ఫ్రీ టూల్స్‌తో ప్రాజెక్టు చేస్తున్నాను, యోసిస్‌తో సింథసిస్, స్కైవాటర్ 130 లైబ్రరీ. అవుట్‌పుట్‌కి 50 ఫెమ్టోఫారడ్ల లోడ్ చూపించాలని సెట్ లోడ్ 0.05 అని ఫైల్ రాసి అందులో లైబ్రరీ గేట్లను ఎంచే ఏబీసీ కమాండ్‌కి కన్‌స్ట్రెయింట్ ఫైల్‌గా ఇచ్చాను. నెట్‌లిస్టులో ఏ మార్పూ లేదు. మ్యాక్స్ ట్రాన్సిషన్ కూడా రాశాను, అదీ పట్టించుకోలేదు. — ఒక విద్యార్థిని, బాచుపల్లి

జవాబు: నీదీ యూనిట్ల కథేనమ్మా, కానీ పై అబ్బాయికి పూర్తిగా తిరగబడింది. స్కైవాటర్ లైబ్రరీ ఫైల్లో కెపాసిటెన్స్ యూనిట్ పికోఫారడ్. అది చూసి నువ్వు 0.05 రాశావు, అది సబబే. అయితే యోసిస్‌లో ఏబీసీకి ఇచ్చే ఆ ఫైల్ అసలు ఎస్‌డీసీ కాదు, దానిలా కనిపిస్తుందంతే. అందులో రెండే కమాండ్లకు విలువ ఉంది. ఇన్‌పుట్‌ను బయటినుంచి ఏ సెల్ నడుపుతుందో చెప్పే సెట్ డ్రైవింగ్ సెల్ ఒకటి, సెట్ లోడ్ ఒకటి. అక్కడ సెట్ లోడ్ అంకె ఫెమ్టోఫారడ్లలో ఉంటుంది. నీ 0.05 అంటే ఒక ఫెమ్టోఫారడ్‌లో ఇరవయ్యో వంతు. దానికి బఫర్ ఎవరు పెడతారు? 50 అని రాయి. పోర్టుకి ఒక విలువ చొప్పున చెప్పే వీలు కూడా అందులో లేదు, అవుట్‌పుట్‌లన్నిటికీ అదే అంకె. మ్యాక్స్ ట్రాన్సిషన్‌ను అది చదవదు.

ఇంకో సంగతి. ఆ ఫైల్ ఇవ్వకుండా లైబ్రరీ మాత్రమే ఇస్తే, యోసిస్ తనంతట తాను నడిపే ఏబీసీ స్క్రిప్టులో బఫర్లు పెట్టే అడుగు, సైజులు పెంచే తగ్గించే అడుగులు ఉండవు. ఫైల్ ఇచ్చినప్పుడే అవి చేరతాయి. కాబట్టి ఆ ఫైల్లో ఉన్న రెండు లైన్లే చాలా మార్పు తెస్తాయి. డ్రైవింగ్ సెల్ కూడా రాయి.

నువ్వు అడుగుతున్న అసలైన కట్టడి తర్వాతి దశలో ఉంది. లేఅవుట్ చేసే ఓపెన్‌రోడ్ టూల్ నిజమైన ఎస్‌డీసీ చదువుతుంది, అక్కడ 0.05 పికోఫారడ్లే అవుతుంది. అందులో రిపెయిర్ డిజైన్ అనే కమాండ్ ట్రాన్సిషన్, కెపాసిటెన్స్, ఫ్యానవుట్ హద్దులు దాటిన చోట బఫర్లు పెడుతుంది. బఫర్ పోర్ట్స్ అనే ఇంకో కమాండ్ అవసరం ఉన్నా లేకపోయినా పోర్టులకు బఫర్ తగిలిస్తుంది. ఈ టూల్స్‌ను వరసగా నడిపే ఓపెన్‌లేన్ ఫ్లోలో చేస్తుంటే ఈ పోర్టు బఫర్ల ఆప్షన్ ముందే ఆన్ అయి ఉంటుంది. నీ బ్లాక్‌ను రేపు పెద్ద డిజైన్‌లో హార్డ్ మాక్రోగా (లేఅవుట్ పూర్తయిన బ్లాక్‌గా) పెడతారనుకుంటే అలాగే ఉంచు. వైవాలో "ఇక్కడ బఫర్ ఎందుకొచ్చింది" అని అడిగితే ఏ దశలో వచ్చిందో కూడా చెప్పు, మార్కులు అక్కడే ఉంటాయి. ఈ లైబ్రరీని 2020లో గూగుల్, స్కైవాటర్ కలిసి బయటపెట్టాయి. అంతకుముందు మన కాలేజీ పిల్లలకి ఫౌండ్రీ (చిప్ ఫ్యాక్టరీ) ఫైళ్లు చూడాలంటే ఎన్‌డీఏ (రహస్య ఒప్పందం) సంతకాలు, పర్మిషన్లు. నీకు ఆ తిప్పలు లేవు, ఫైల్ తెరిచి ప్రతి అంకె చదువుకోవచ్చు. చదువుకో.

ప్రశ్న: ఘట్‌కేసర్ వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఈసీఈ చెబుతాను. విద్యార్థుల చిప్ ఒక బోర్డు మీద 15 పికోఫారడ్ల లోడ్‌ను నడపాలి. కోర్ మాడ్యూల్ అవుట్‌పుట్‌లకి ఆ విలువ పెట్టించాను. బఫర్లు కుప్పలుగా వచ్చాయి, అయినా టైమింగ్ అందలేదు. లోడ్ నిజమైనదే కదా, మరి ఎక్కడ తేడా వచ్చింది? — ఒక అధ్యాపకుడు

జవాబు: మాస్టారూ, లోడ్ నిజమైనదే, పెట్టిన చోటు వేరు. బోర్డును మోసేది చిప్ అంచున బయటి పిన్‌కి కలిసే ప్యాడ్ సెల్. దాని లోపల పెద్ద పెద్ద డ్రైవర్లు అందుకోసమే ఉంటాయి. కోర్ అవుట్‌పుట్‌కి కనిపించేది ఆ ప్యాడ్ సెల్ ఇన్‌పుట్ పిన్, దానికి వెళ్లే వైరు, అంతే. కాబట్టి 15 పికోఫారడ్లను ప్యాడ్‌లతో సహా ఉన్న టాప్ మాడ్యూల్ పోర్టుకి పెట్టించండి. కోర్‌ను విడిగా సింథసిస్ చేసేటప్పుడు ప్యాడ్ లైబ్రరీ నుంచి ఆ ఇన్‌పుట్ పిన్ విలువ తీసుకోవాలి. లోడ్ ఆఫ్ కమాండ్ అక్కడా పనిచేస్తుంది.

ప్యాడ్ సెల్స్‌ని ఆర్‌టీఎల్‌లో మీరే రాసి డోంట్ టచ్ పెట్టించండి. ప్యాడ్‌కీ టాప్ పోర్టుకీ మధ్య నెట్ మీద కూడా పెట్టండి. కోర్ 1.8 వోల్టులు, ఐఓ (ప్యాడ్‌ల వైపు) 3.3 వోల్టులు అయినప్పుడు ఆ మధ్యలో కోర్ బఫర్‌కి చోటే లేదు. డోంట్ టచ్ సరిగ్గా నప్పే చోటు ఇదే. డ్రైవ్ సరిపోకపోతే ఎక్కువ కరెంటు ఇచ్చే ప్యాడ్ ఎంచుకోవాలి. ఆ ఎంపిక మీదే, టూల్‌ది కాదు.

ప్రశ్న: మా వెరిలాగ్ నెట్‌లిస్టులో అసైన్ లైన్లు (సెల్ లేకుండా ఒక పేరును ఇంకో పేరుకి నేరుగా కలిపేవి) ఉన్నాయని లేఅవుట్ టీమ్ వెనక్కి పంపింది. బఫర్లు తగ్గించుకోవాలని నేనే ఒక ఆప్షన్ తీసేశాను. — ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: తీసేసింది సెట్ ఫిక్స్ మల్టిపుల్ పోర్ట్ నెట్స్ అయి ఉంటుంది. కంపైల్‌కి ముందు మైనస్ ఆల్, మైనస్ బఫర్ కాన్‌స్టంట్స్‌తో మళ్లీ పెట్టండి. వెరిలాగ్‌లో ఒక నెట్‌కి రెండు పోర్టుల పేర్లు ఉండలేవు. ఇన్‌పుట్ నేరుగా అవుట్‌పుట్‌కి వెళ్లినా, ఒకే సిగ్నల్ రెండు అవుట్‌పుట్‌లుగా బయటికొచ్చినా, అవుట్‌పుట్ ఎప్పుడూ సున్నాయే అయినా, మధ్యలో సెల్ లేకపోతే టూల్‌కి అసైన్ రాయడం తప్ప దారి లేదు. ఆ బఫర్లు టైమింగ్ కోసం వచ్చినవి కావు, లోడ్ ఎంత తగ్గించినా పోవు. లేఅవుట్ వాళ్లతో వాదించకండి, ఈ విషయంలో వాళ్లదే న్యాయం.

ప్రశ్న: గచ్చిబౌలిలో ఒకే ఫ్లోర్‌లో మా టీమ్, పక్క బ్లాక్ టీమ్ కూర్చుంటాం. మా అవుట్‌పుట్ వాళ్ల ఇన్‌పుట్. మేం చివర బఫర్ పెడతాం, వాళ్లు మొదట్లో ఇంకోటి పెడతారు. టాప్‌లో చూస్తే రెండూ వెనకవెనకే ఉన్నాయి, అయినా టైమింగ్ రావడం లేదు. ఎవరిది తీయాలి? మీటింగులు అవుతున్నాయి, తేలడం లేదు. మీ జవాబు ప్రింటు తీసి నోటీసు బోర్డు మీద పెడతాం. — సంతకం చేయని ఉత్తరం

జవాబు: బోర్డు మీద పెడతామన్నారు కాబట్టి ఇద్దరికీ వర్తించేట్టు చెబుతాను.

ముందు బడ్జెట్. మీరు రాసిన ప్రకారం క్లాక్ 2 నానోసెకండ్లు. మీరు అవుట్‌పుట్ డిలే 1.4 పెట్టారు, వాళ్లు ఇన్‌పుట్ డిలే 1.4 పెట్టారు. రెండు వైపులా అవతలివాళ్ల కోసం "ఎందుకైనా మంచిదని 70 శాతం". అంటే మీకు మిగిలింది 0.6, వాళ్లకు మిగిలింది 0.6. కలిపితే 1.2. మిగిలిన 0.8 నానోసెకండ్లు ఎవరి చేతిలోనూ లేవు. ఆ లేని ఇరుకులో దారిని పట్టించడానికి రెండు టూల్స్ రెండు పక్కలా గేట్లు లావు చేసి, బఫర్లు పెట్టి ఆయాసపడ్డాయి. మీ రిపోర్టులో నెగటివ్ స్లాక్ (ఎంత సమయం చాలలేదో చెప్పే అంకె) కనిపిస్తున్నదీ అందుకే. టాప్ స్థాయిలో కూడా నెగటివ్ అయితే అది వేరే సంగతి. ముందు టాప్ రిపోర్టు చూడండి.

మీ అవుట్‌పుట్ ఫ్లాప్ నుంచి నేరుగా వస్తే, ఫ్లాప్‌కీ ఒక బఫర్‌కీ సరిపడా సమయం మీరు ఉంచుకుని మిగతాది పక్కవాళ్లకి వదిలేయండి. లాజిక్ వాళ్ల దగ్గర ఉంది, సమయం మీరు దాచుకుని లాభం లేదు. మీ అవుట్‌పుట్ ఫ్లాప్ నుంచి కాకుండా నాలుగు గేట్ల తర్వాత వస్తోంది అంటే మాత్రం ముందు ఆర్‌టీఎల్ రాసినవాళ్లతో మాట్లాడండి. బ్లాక్ అంచున ఫ్లాప్ పెట్టే అలవాటు ఉన్న టీముల్లో ఇలాంటి ఉత్తరాలు పుట్టవు.

ఇక ఏ బఫర్ తీయాలన్నది. మధ్యలో వైరును మోసేది మీ బఫర్. దాన్ని ఉంచాలి. సెట్ ఐసొలేట్ పోర్ట్స్‌తో ఒకే రకం సెల్ వచ్చేట్టు చూసుకోండి, ఆ సెల్ పేరు పక్కవాళ్లకి చెప్పండి. వాళ్లు తమ ఇన్‌పుట్‌ల మీద సెట్ డ్రైవింగ్ సెల్‌గా అదే పెట్టాలి. ఇప్పుడు వాళ్ల స్క్రిప్టులో ఏముందో అడగండి. ఏమీ పెట్టకపోతే బయటినుంచి సిగ్నల్ నిలువు గోడలా పదునుగా వస్తుందని టూల్ నమ్ముతుంది. లేదా ఎవరో భయపడి అతి చిన్న ఇన్వర్టర్ పెట్టి ఉంటారు, అప్పుడు ఆ బలహీనమైన సిగ్నల్‌ను నిలబెట్టడానికి లోపల బఫర్ రాక తప్పదు. ఈ రెండోదే జరిగి ఉంటుందని నా అనుమానం.

అయితే వాళ్ల బఫర్‌ను గుడ్డిగా తీయించకండి. ఆ ఇన్‌పుట్ లోపల ఎన్ని చోట్లకి వెళ్తోందో రిపోర్ట్ నెట్ ఫ్యానవుట్‌తో చూడండి. రెండు మూడు గేట్లకే అయితే అది వృథా, డ్రైవింగ్ సెల్ సరిచేసి మళ్లీ కంపైల్ చేస్తే దానంతట అదే పోతుంది. ఒక ఎనేబుల్ సిగ్నల్ నలభై ఫ్లాప్‌లకు వెళ్తుంటే ఆ బఫర్ వాళ్ల లోపలి పంపకానికి కావాల్సిందే, మీకు దానితో పేచీ అనవసరం. ఒక్కో సిగ్నల్‌కి ఒక్కో జవాబు వస్తుంది. మీటింగులో "మొత్తం బస్ అంతా ఇలా" అని ఓటు వేసి తేల్చేది కాదు.

ఇక చేయాల్సింది ఒకటే ఫైల్. మీ అవుట్‌పుట్ లోడ్, మీ డ్రైవర్ సెల్ పేరు, రెండు వైపుల డిలేలు, అన్నీ వేరియబుల్స్‌గా అందులో రాయండి. రెండు టీముల స్క్రిప్టులూ దాన్నే సోర్స్ చేయాలి. ఎవరు అంకె మార్చినా రెండు పక్కలా మారుతుంది. అది ఎవరి ఫోల్డర్లో ఉండాలన్నదాని మీద ఇంకో మీటింగు తప్పదనుకుంటాను. దానికి మాత్రం నన్ను పిలవకండి.